ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించేవాళ్లకు చెవుల్లో గుయ్‌మనడం మామూలేనా? మణికట్టు నొప్పికీ దానికీ సంబంధం ఉందా?

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వయసు 27. ఆరేళ్లుగా పెళ్లిళ్లు, రిసెప్షన్లు, వినాయక చవితి ప్రోగ్రాముల్లో ప్యాడ్స్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ము పలకలు) వాయిస్తున్నారు. ప్రోగ్రాం అయ్యాక రెండు చెవుల్లో గుయ్‌మనే మోత, మర్నాడు మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఈమధ్య ఎడమ మణికట్టులో బొటనవేలి వైపు నొప్పి. ట్రూపులో పెద్దవాళ్లేమో "ఈ లైన్లో అందరికీ ఉండేదే, చెవుల్లో దూది పెట్టుకో" అంటున్నారు. ఇది మామూలేనా, ఫారిన్ ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లకూ ఉంటుందా, ఏం చేయాలి అని అడిగారు.

చాలామందికి ఉండే మాట నిజమే. అంతమాత్రాన వదిలేసేది కాదు. మర్నాటి మధ్యాహ్నం దాకా మోత ఉందంటే, ఆ రాత్రి మీ చెవి తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ శబ్దం దాని మీద పడిందని అర్థం. వాయించడం మానుకోనక్కర్లేదు. వచ్చే ప్రోగ్రాం నుంచే సరైన ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. స్టేజీ మీద మానిటర్ (వాయించేవాళ్లు తమది తాము వినడానికి పెట్టుకునే స్పీకర్ బాక్సు) చోటు, వాల్యూమ్ మార్పించండి. ఈ నెలలోనే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష కాగితం) తీయించుకోండి. మణికట్టు నొప్పి మొదట్లోనే పట్టుకుంటే చాలావరకు తగ్గిపోయే రకం. చెయ్యి కోలుకుంటుంది గానీ పోయిన వినికిడి తిరిగి రాదు, అందుకని ముందు చెవి సంగతే రాస్తాను. కర్నూలులో వినికిడి పరీక్షలు చేసే పని నాది. ఆర్కెస్ట్రా వాళ్లు, బ్యాండ్‌మేళం వాళ్లు, డోలు వాయించేవాళ్లు వస్తుంటారు. దాదాపు అందరూ పదేళ్లు ఆలస్యంగా వస్తారు.

లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కొసలున్న కణాలు ఒక్కో వైపు 15,000 దాకా ఉంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి అవే. పెద్ద శబ్దం గంటల తరబడి పడితే అవి సొమ్మసిల్లుతాయి. ఒకటి రెండు రోజులు నిశ్శబ్దంగా ఉంటే చాలావరకు తేరుకుంటాయి, అందుకే మీకు మధ్యాహ్నానికి మోత తగ్గుతోంది. తేరుకోకముందే మళ్లీ దెబ్బ పడితే కొన్ని చచ్చిపోతాయి. మనిషిలో అవి మళ్లీ పుట్టవు. ఇంకో చిక్కు కూడా ఉంది. పరీక్షలో వినికిడి మామూలుకు వచ్చినట్టు కనిపించినా కణానికీ నరానికీ మధ్య అతుకులు తెగిపోయి ఉండొచ్చని 2009 నుంచి ఎలుకల మీద జరిగిన పరిశోధనలు చూపిస్తున్నాయి. ఆర్కెస్ట్రా వాళ్లు చెప్పుకునే బాధ కూడా దానికి దగ్గరగానే ఉంటుంది: "మాట వినపడుతుంది సార్, హోటల్లో నలుగురు మాట్లాడుతుంటే అర్థం కాదు." మూఢాల్లో, ఆషాఢంలో ప్రోగ్రాములు తక్కువ గనక చెవికి విశ్రాంతి దొరుకుతుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాలు వరసగా పడ్డప్పుడు, చవితి తొమ్మిది రోజుల్లోనూ అసలు నష్టం జరుగుతుంది.

ఎంత శబ్దం ఎంతసేపు అన్నదానికి అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ పెట్టిన లెక్క వాడుకకు తేలిక. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు. అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమైపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 97కి అరగంట, 100కి 15 నిమిషాలు. ఫంక్షన్ హాల్లో మానిటర్ల మధ్య నిలబడ్డ ప్యాడ్ ప్లేయర్ చెవి దగ్గర 100 ఉండటం వింతేమీ కాదు. ఐదు గంటల ప్రోగ్రాం అనుకుంటే 15 నిమిషాల కోటాను 20 సార్లు వాడేసినట్టు. మీ చెవి మోగడంలో ఆశ్చర్యం లేదు.

కొలవడానికి ఫోన్ యాప్ వాడొచ్చు గానీ, ఆండ్రాయిడ్ ఫోన్లలో అంకె ఐదారు డెసిబెల్స్ అటూ ఇటూ అవుతుంది, మరీ పెద్ద శబ్దం దగ్గర ఫోన్ మైక్ తక్కువ చూపిస్తుంది. యాప్ లేకపోయినా పర్లేదు. చేతి దూరంలో ఉన్న కీబోర్డ్ ప్లేయర్‌తో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే 85 దాటినట్టు, అరవాల్సి వస్తే 90 ఎప్పుడో దాటినట్టు.

దూది వల్ల లాభం లేదు. అది ఆపేది చాలా కొద్ది, అదీ పై స్వరాల్లో. పెట్టుకున్నామన్న ధైర్యంతో మానిటర్ ఇంకొంచెం పెంచమంటారు, అది అసలు నష్టం.

ఇయర్‌ప్లగ్స్ రెండు రకాలు. వెల్డింగ్, సేఫ్టీ సామాన్ల షాపుల్లో దొరికే పసుపు, నారింజ రంగు ఫోమ్ ప్లగ్స్ చవక. సరిగా పెడితే బాగా ఆపుతాయి. అయితే పై స్వరాలను ఎక్కువగా, కింది స్వరాలను తక్కువగా ఆపుతాయి. పాట పక్క గదిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. అందుకే వాద్యకారులు రెండో పాటకే తీసి జేబులో వేస్తారు. రెండోది సంగీతకారుల కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్స్. ఇవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, పాట అదే పాటలా ఉంటుంది, వాల్యూమ్ మాత్రం తగ్గుతుంది. ఈఆర్-20 లాంటి రెడీమేడ్ రకం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, సరిగా కుదిరితే 10, 12 డెసిబెల్స్ నిజంగా తగ్గుతాయి. చెవి అచ్చు తీసి చేయించుకునే రకంలో 9, 15, 25 డెసిబెల్స్ ఫిల్టర్లు వస్తాయి. ఆడియాలజిస్ట్ చెవిలో మెత్తటి పేస్టు పోసి అచ్చు తీసి పంపిస్తే, తయారై రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఖర్చు వేలల్లో ఉంటుంది గానీ ఏళ్లు వస్తాయి. మీ పనికి 15 సరిపోతుంది. 25 వేస్తే కీబోర్డ్ సరిగా వినబడక ఇంకా గట్టిగా కొడతారు.

ఫోమ్ ప్లగ్ పెట్టేటప్పుడు చాలామంది చెవి గుమ్మంలో ఆనించి వదిలేస్తారు. ముందు చేతులు కడుక్కుని ప్లగ్‌ను సన్నగా, ముడతల్లేకుండా చుట్టాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగాలి. లోపలికి తోసి 30 సెకన్లు వేలితో పట్టుకోవాలి. బాగా కూర్చుంటే మీ గొంతు మీకే బొంగురుగా వినిపిస్తుంది. అలా వినిపించకపోతే తీసి మళ్లీ పెట్టండి.

మధ్యలో తీయడం గురించి ఒక లెక్క చెప్తాను, ఎందుకంటే అందరూ చేసేది అదే. 100 డెసిబెల్స్ స్టేజీ, 15 తగ్గించే ప్లగ్. ఐదు గంటలూ పెట్టుకుంటే చెవికి చేరేది 85, అంటే రోజు కోటాలో ఎనిమిదింట ఐదు వంతులు. అదే "హీరో ఎంట్రీ పాట కదా" అని అరగంట తీస్తే, ఆ అరగంటే రెండు రోజుల కోటా. మొత్తం రెండున్నర రోజుల కోటా దాటిపోతుంది. నాలుగున్నర గంటల జాగ్రత్త ఒక్క అరగంటలో పోయినట్టే. కాబట్టి ఎక్కువ ఆపే ప్లగ్ కంటే చివరిదాకా ఉంచుకోగలిగే ప్లగ్ మేలు. ముందు రెండు మూడు రిహార్సళ్లలో పెట్టి అలవాటు చేసుకోండి, నేరుగా స్టేజీ మీద మొదలుపెడితే తీసేస్తారు.

ఇక స్టేజీ సంగతి. ఇయర్‌ప్లగ్ మిగిలినదాన్ని ఆపేది మాత్రమే, శబ్దం పుట్టేచోట తగ్గించడం అసలు పని. మన ఆర్కెస్ట్రాల్లో జరిగేది ఒకటే. సౌండ్ చెక్ అప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. మూడో పాటకు కీబోర్డ్ ఆయన "నాది కొంచెం" అంటాడు. గిటార్ ఆయన తన యాంప్ తనే పెంచుకుంటాడు. సింగర్‌కు తన గొంతు వినబడదు, మానిటర్ పెరుగుతుంది. గంట గడిచేసరికి అందరి చెవులూ తాత్కాలికంగా మొద్దుబారి ఉంటాయి గనక మళ్లీ పెంచుతారు. ఎవరికైనా తనది వినబడకపోతే మిగతావి తగ్గించడం, తనది పెంచడం కాదు. సౌండ్ చెక్‌లో కుదిరిన మాస్టర్ వాల్యూమ్ దగ్గర మిక్సర్ మీద తెల్ల టేపు అంటించి గీత పెట్టండి. ఆ గీత దాటాలంటే ట్రూపు మేనేజర్ ఒప్పుకోవాలి అన్న నియమం పెట్టుకున్న ట్రూపుల్లో గొడవలు కూడా తక్కువ.

మానిటర్ బాక్సు రెండు మీటర్ల అవతల నేల మీద పడి ఉంటే, దాని నోరు మీ మోకాళ్ల వైపు ఉంటుంది. వినబడదు, పెంచుతారు, పక్కవాళ్ల చెవులు పోతాయి. దాన్ని మీటరు దూరానికి తెచ్చి, స్టాండ్ మీదో కుర్చీ మీదో ఎత్తి, నోరు సరిగ్గా మీ చెవికి తిప్పండి. దూరం సగమైతే 6 డెసిబెల్స్ వాటంతటవే కలిసొస్తాయి, అంత వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. అందులో మీకు కావలసినవే ఉంచండి: కీబోర్డ్, సింగర్ గొంతు, మీ ప్యాడ్ కొంచెం. పాట మొత్తం అందులోకి పంపించడం అనవసరం.

మెయిన్ బాక్సుల విషయానికొస్తే, మీరు వాటి వరసకు వెనక ఉండాలి. చిన్న ఫంక్షన్ హాళ్లలో స్టేజీ ఇరుకై బాక్సులను వెనక గోడకు ఆనించి పెడతారు, రిథమ్స్ వాళ్లందరూ బాక్సు నోటి ముందు కూర్చుంటారు. అది ఒప్పుకోకండి. బాక్సులను రెండు అడుగులు ముందుకు జరిపినా పై స్వరాల దెబ్బ చాలా తగ్గుతుంది. కింది స్వరాలు వెనక్కి తిరిగి వస్తాయి గానీ చెవికి వాటి వల్ల నష్టం తక్కువ.

మీకున్న మంచి అవకాశం ఇంకొకటి. ప్యాడ్‌కు సొంత శబ్దం లేదు. డ్రమ్స్, డోలు, తప్పెట వాయించేవాళ్లు తమ వాయిద్యం మోత నుంచే తప్పించుకోలేరు, మీరు తప్పించుకోగలరు. మిక్సర్‌లో ఆక్స్ అవుట్ (విడిగా శబ్దం బయటికి తీసే సాకెట్) నుంచి చిన్న హెడ్‌ఫోన్ యాంప్, అక్కణ్ణుంచి చెవి మూసేసే ఇన్-ఇయర్ (చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్) పెట్టుకుంటే మీకు మానిటర్ బాక్సే అక్కర్లేదు. బయటి మోత 20 డెసిబెల్స్ పైగా ఆగుతుంది, లోపల తక్కువలోనే అన్నీ వినబడతాయి. రెండు జాగ్రత్తలు. ఒక చెవిలోనే పెట్టుకోకండి. రెండో చెవికి స్టేజీ మోతంతా పడుతుంది, ఒంటి చెవితో వింటే చిన్నగా అనిపించి లోపల వాల్యూమ్ కూడా పెంచుతారు. అలాగే మిక్సర్‌లో ఆ లైనుకు లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) పెట్టించండి. ఎవరో మైక్ కేబుల్ పీకితే వచ్చే 'ఠప్' నేరుగా కర్ణభేరి మీద పడుతుంది.

ఊరేగింపు బళ్ల మీద వాయించేవాళ్లకు ఇంకో ప్రమాదం టపాసులు. దగ్గర్లో పేలిన లక్ష్మీ బాంబు లాంటివి ఒక్క దెబ్బకే చెవిని పాడుచేయగలవు, గంటల లెక్క దీనికి వర్తించదు. కర్నూలులో కేసీ కెనాల్ దగ్గర నిమజ్జనం రోజు ట్రాక్టర్ మీద వాయించేవాళ్లు ఫోమ్ ప్లగ్స్ పెట్టుకుంటే చాలు, ఆరోజు సంగీతం నాణ్యత ఎవరూ చూడరు.

చెవి విషయంలో ఆగకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిన సందర్భాలు: ఒక చెవి హఠాత్తుగా మూసుకుపోయినట్టు లేదా వినబడనట్టు అవడం, మోత 48 గంటలు దాటడం, తల తిరగడం, ఒకే స్వరం రెండు చెవులకూ రెండు శ్రుతుల్లో వినబడటం. హఠాత్తుగా వినికిడి పోతే స్టెరాయిడ్ చికిత్స రెండు మూడు రోజుల్లోపు మొదలుపెడితే ఫలితం ఎక్కువ, రెండు వారాలు దాటితే చాలా తగ్గిపోతుంది. గులిమి అనుకుని నూనె పోసుకుంటూ వారాలు గడిపేవాళ్లే ఎక్కువ. కోడి ఈక, పిన్నీసు, బడ్స్ ఏవీ వద్దు. మోత తగ్గిస్తాయని రాసే నరాల విటమిన్లకు నేను డబ్బు పెట్టమని చెప్పను. మోతను మాయం చేసే మాత్ర ఇంతవరకు లేదు. రాత్రి నిద్ర పట్టకపోతే ఫ్యాన్ శబ్దం లాంటిది సన్నగా ఉంచుకుంటే మోత మీద ధ్యాస తగ్గుతుంది. వేరే జబ్బుకు జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు రాస్తుంటే మీ పని ఏమిటో ఆ డాక్టర్‌కు చెప్పండి, అవి చెవిని దెబ్బతీయగలవు.

మణికట్టు. బొటనవేలి వైపు నొప్పి అంటే ముందు అనుమానించాల్సింది డి కెర్వెన్ అనే స్నాయువు వాపు. బొటనవేలిని పిడికిలి లోపల పెట్టి మూసి, మణికట్టును నెమ్మదిగా చిటికెన వేలి వైపు వంచండి. బొటనవేలి మొదట్లో చుర్రుమంటే దాదాపు అదే. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లు రాత్రిపూట తిమ్మిరెక్కి నిద్రలేపుతుంటే అది వేరే, కార్పల్ టనెల్, అంటే మణికట్టులో నరం నొక్కుకుపోవడం.

దీనికీ చెవికీ సంబంధం ఉందా అన్నారు, ఉంది. తన దెబ్బ తనకు వినబడనివాడు గట్టిగా కొడతాడు. ప్యాడ్‌లో రబ్బరు పైన చర్మం వాయిద్యాల్లో ఉన్నంత స్ప్రింగ్ ఉండదు, కొట్టిన బలంలో ఎక్కువ భాగం మణికట్టుకే తిరిగొస్తుంది. మానిటర్ సర్దితే సగం పని అయిపోతుంది. మిగతా సగం ప్యాడ్ సెట్టింగ్‌లో ఉంది. సెన్సిటివిటీ పెంచండి, తేలిగ్గా తాకినా పూర్తి వాల్యూమ్ వచ్చేలా. ఒక ప్యాడ్ కొడితే పక్కది కూడా మోగేంత దాకా పెంచకుండా, దానికి ఒక మెట్టు కింద ఆపండి. ఎత్తు కూడా చూసుకోవాలి. ప్యాడ్ పైభాగం మీ మోచేయి కంటే కాస్త కింద ఉండాలి, ముంజేయి కొద్దిగా కిందికి వాలాలి. మణికట్టు పైకి విరిగినట్టు ఉంటే స్టాండ్ ఎత్తు ఎక్కువ. ఊరూరా అద్దె స్టాండ్లు వాడేవాళ్లు సరైన ఎత్తును తమ ప్యాంటు మీద ఏ కుట్టు దగ్గరికి వస్తుందో గుర్తుపెట్టుకుంటే చాలు. కర్రలు లావువి వద్దు. బొటనవేలు, చూపుడు వేలు ఇరుసులా పట్టుకోవాలి, మిగతా మూడు వేళ్లు వదులుగా ఉండాలి. తీన్‌మార్ పాటల్లో తెలియకుండానే అన్ని వేళ్లూ బిగుస్తాయి.

ఇప్పుడున్న నొప్పికి: బొటనవేలిని కదలకుండా పట్టే స్ప్లింట్ మూడు వారాలు, ప్రోగ్రాం లేని ప్రతి పూటా. గుడ్డలో చుట్టిన ఐసు 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. బైకు క్లచ్, బకెట్లు మోయడం, ఫోన్లో బొటనవేలితో గంటల తరబడి టైప్ చేయడం తగ్గించండి, ఎడమ చేతికి క్లచ్ పెద్ద శత్రువు. నొప్పి మాత్రలు వేసుకుని ప్రోగ్రాం లాగేయడం మంచిది కాదు. నొప్పి తెలియక ఇంకా గట్టిగా వాయిస్తారు, పైగా డైక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి వాడితే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. మూడు వారాలకూ తగ్గకపోతే ఎముకల డాక్టర్ ఆ స్నాయువు తొడుగులోకి ఇచ్చే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి నయమవుతుంది. మన వైపు చేతికేదైనా అయితే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది, ఇక్కడ విరిగిందేమీ లేదు. వాచిన స్నాయువును నలిపి గట్టిగా కట్టడం వల్ల ఇంకా రేగుతుంది.

నొప్పి లేకుండా, వాయించేటప్పుడు మాత్రమే ఒక వేలు దానంతటదే ముడుచుకుపోవడం, కర్ర జారడం ఉంటే అది వేరే జబ్బు, ఫోకల్ డిస్టోనియా. వాద్యకారుల్లో నూటికి ఒకరి దాకా వస్తుందని అంచనా. అమెరికన్ పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్‌కు 1960లలో కుడిచెయ్యి ఇలాగే మాట వినకుండా పోయి, దశాబ్దాల తర్వాత బోటాక్స్ ఇంజెక్షన్లతో మళ్లీ వాయించగలిగారు. ఇది బలహీనత అనుకుని ప్రాక్టీసు పెంచితే ముదురుతుంది. న్యూరాలజిస్ట్‌ను చూడాలి.

మీరు అడగలేదు గానీ ట్రూపులో మిగతావాళ్లకు కూడా నాలుగు ముక్కలు. సింగర్ల గొంతు సమస్యకు కూడా మూలం మానిటరే. చుట్టూ మోత ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు, అది ఆపుకోవడం కష్టం. రోజూ అలా పాడితే స్వరతంత్రుల మీద కాయలు కాస్తాయి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ కెమెరాతో గొంతు చూడాలి. రాత్రి ఒంటిగంటకు పెళ్లి బిర్యానీ తిని వెంటనే బండిలో వాలిపోవడం వల్ల పైకి ఎగదన్నే యాసిడ్ కూడా గొంతును కాలుస్తుంది, తిండికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. నాదస్వరం, ట్రంపెట్, శాక్సోఫోన్ ఊదేవాళ్లు వాయిద్యం లోపల తడి ఆరనిచ్చి శుభ్రం చేసుకోవాలి. బూజు పట్టిన గొట్టంలోంచి పీల్చిన గాలి వల్ల ఊపిరితిత్తుల జబ్బు వచ్చిన కేసులు బ్యాగ్‌పైప్, ట్రాంబోన్ వాద్యకారుల్లో రికార్డయ్యాయి. ఇంట్లో గ్లకోమా ఉన్నవాళ్లు కంటి పీడనం చూపించుకోవాలి, గట్టిగా ఊదేటప్పుడు అది పెరుగుతుంది.

కరెంటు గురించి మాత్రం రెండు ముక్కల్లో వదలను. మైక్‌కు పెదవి తగిలినప్పుడు చుర్రుమంటే మీ స్టేజీకి ఎర్తింగ్ లేదని అర్థం. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే ఎర్తింగ్ సరిగా లేని మైక్ తాకి స్టేజీ మీదే చనిపోయారు. మన దగ్గర ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. గుడి మండపాల్లో చెప్పుల్లేకుండా వాయిస్తాం, నేల కడిగి తడిగా ఉంటుంది, కరెంటు జనరేటర్ నుంచో స్తంభానికి తగిలించిన కొక్కెం నుంచో వస్తుంది. స్పీకర్లలో హమ్ (గుమ్మనే మోత) వస్తోందని ప్లగ్‌లో మూడో పిన్ను విరగ్గొట్టే సౌండ్ బాయ్స్ ఉన్నారు. అది చావును పిలిచే పని. హమ్‌కు డీఐ బాక్సు (వాయిద్యాన్ని మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) లోని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడాలి, మెయిన్స్ ఎర్త్ జోలికి పోకూడదు. జనరేటర్ బాడీకి ఎర్త్ రాడ్ దింపి ఆ చుట్టూ నీళ్లు పోయాలి. స్టేజీకి వచ్చే లైను మొదట్లోనే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించాలి. టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అవుతోందో లేదో ప్రతి ప్రోగ్రాంకు ముందు చూడాలి. మల్టీమీటర్ ఉంటే ఏసీ వోల్టుల్లో పెట్టి మైక్ జాలీకీ గిటార్ తీగకూ మధ్య కొలవండి. రెండు పిన్నుల అడాప్టర్ల లీకేజీ వల్ల వంద వోల్టుల దాకా చూపించొచ్చు, అందులో కరెంటు స్వల్పమే. కానీ అది లీకేజీయా అసలు ఫాల్టా అన్నది ముట్టుకుని తేల్చుకునే విషయం కాదు. ఎర్త్ కలిపాక ఆ అంకె సున్నా దగ్గరికి పడిపోవాలి. పడకపోతే పాట మొదలుపెట్టకండి. ఎవరికైనా షాక్ కొడితే ముందు స్విచ్, తర్వాత మనిషి.

ప్రోగ్రాం ముగిశాక సామాను ఎక్కించేటప్పుడు నడుములు పట్టేస్తాయి, సబ్‌వూఫర్ ఒక్కరు ఎత్తకూడదు. అక్కణ్ణుంచి నేషనల్ హైవే 44 మీదో, నంద్యాల నుంచి కడప వెళ్లే 40 మీదో తెల్లవారుజామున ప్రయాణం. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య శరీరం నిద్ర కోరుతుంది, వాయించి అలసినవాడు స్టీరింగ్ పట్టకూడదు. పగలు పడుకున్న డ్రైవర్ ఒకరు ప్రత్యేకంగా ఉండాలి, లేదా అక్కడే నాలుగు గంటలు పడుకుని వెలుగొచ్చాక బయల్దేరాలి. ఏడాదికి 20 రూపాయలతో బ్యాంకులో తీసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తుంది, ట్రూపులో అందరికీ ఉందో లేదో చూసుకోండి.

ఫారిన్‌లో సంగతి అడిగారు. 1980లలో అమెరికా సింఫనీ, ఒపెరా ఆర్కెస్ట్రాల్లో జరిగిన సర్వేలో 2,212 మంది జవాబిస్తే, 76 శాతం మంది వాయించడానికి అడ్డొచ్చేంత ఆరోగ్య సమస్య కనీసం ఒకటి ఉందన్నారు. అక్కడ మైకుల మోత కాదు, వెనక కూర్చున్న బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాయిద్యాలు) వాళ్ల మోత. వయొలిన్ వాళ్లకు ఎడమ చెవి, పికోలో (చిన్న ఫ్లూట్) వాళ్లకు కుడి చెవి ముందు దెబ్బతింటాయి, వాయిద్యం ఆ వైపే ఉంటుంది గనక. లండన్ రాయల్ ఒపెరా హౌస్‌లో 2012లో వాగ్నర్ ఒపెరా రిహార్సల్‌లో బ్రాస్ ముందు కూర్చున్న వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది) వాద్యకారుడి వినికిడి దెబ్బతింటే, 2018లో హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. సంగీతం మోత కాదు, కళ అన్న వాదన అక్కడ నిలబడలేదు. బ్రిటన్‌లో 2008 నుంచి కార్మిక శబ్ద చట్టం ఆర్కెస్ట్రాలకూ వర్తిస్తోంది. మనకు ఫ్యాక్టరీ కార్మికులకు 8 గంటలకు 90 డెసిబెల్స్ పరిమితి ఉంది, ఫంక్షన్ హాల్లో వాయించేవాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ వద్దన్న 2000 నాటి నిబంధన చుట్టుపక్కలవాళ్ల కోసం పెట్టింది. 2016 దివ్యాంగుల చట్టం ప్రకారం సర్టిఫికెట్ రావాలంటే మాట వినే స్వరాల్లో రెండు చెవులకూ 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి. వాద్యకారుడి కెరీర్ అంతకు చాలా ముందే ముగిసిపోతుంది, కాబట్టి ఆ వైపు నుంచి సాయం ఆశించకండి.

ఆడియోగ్రామ్‌కు వెళ్లేముందు కనీసం 14 గంటలు ప్రోగ్రాం, హెడ్‌ఫోన్స్ ఏవీ ఉండకూడదు, లేకపోతే తాత్కాలిక నష్టం కూడా కలిసిపోయి కనబడుతుంది. గులిమి ఉంటే ముందు తీయించాలి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ ఓపీకి వెళ్లి ఆడియోమెట్రీ కావాలని, మీరు ఆర్కెస్ట్రాలో వాయిస్తారని స్పష్టంగా చెప్పండి. 3000, 6000 హెర్ట్జ్ దగ్గర కూడా కొలవమనండి, తొందరలో వాటిని వదిలేస్తుంటారు. కాగితంలో ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూలు ఎడమ. 25 లోపు ఉంటే మామూలు. 4000 దగ్గర గీత గుంటలా కిందికి దిగి, 8000 దగ్గర మళ్లీ పైకి లేస్తే అది మోత వల్ల వచ్చిన నష్టం. ఆ కాగితం పారేయకండి, వచ్చే ఏడాది దానితో పోల్చాలి. తీయించుకున్నాక 3000, 4000, 6000 దగ్గర రెండు చెవుల అంకెలూ ఇక్కడ రాస్తే, 15 ఫిల్టర్ చాలా, ఇన్-ఇయర్‌కు మారాలా చెప్తాను.